4 జీబీ ర్యామ్‌తో లాప్‌టాప్ స్లో అయితే ముందు మార్చాల్సింది ర్యామా, హార్డ్ డిస్కా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. 2018లో కొన్న లాప్‌టాప్. ఐ3-6006యూ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేశాక వాడుకోవడానికి వీలయ్యేసరికి ఐదారు నిమిషాలు పడుతోంది. క్రోమ్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిచి పక్కన ట్యాలీ పెడితే మౌస్ కూడా కదలడం లేదు. బీకాం చదివే మీ చెల్లెలికి ఇదొక్కటే ఆధారం, కొత్తది కొనే పరిస్థితి ఇప్పుడు లేదు. ఒక షాపులో ఫార్మాట్ చేస్తే చాలన్నారు, ఇంకో షాపులో ర్యామ్ వేయాలన్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

సూటిగా చెప్తాను. ఒక్కదానికే డబ్బుంటే ముందు హార్డ్ డిస్క్ తీయించి దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వేయించండి. కాస్త వీలు చిక్కాక ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించండి. ఈ రెండూ అయితే మీ చెల్లెలు డిగ్రీ పూర్తి చేసేదాకా ఈ లాప్‌టాప్ హాయిగా పనికొస్తుంది. ఫార్మాట్ ఒక్కటే చేయిస్తే కొన్నాళ్లు బాగుంటుంది, అప్‌డేట్లు, సాఫ్ట్‌వేర్లు అన్నీ మళ్లీ ఎక్కేసరికి కథ మొదటికొస్తుంది. అసలు జబ్బు విండోస్‌లో లేదు కాబట్టి.

నేను ఖమ్మంలో లాప్‌టాప్‌ల సర్వీస్ చేస్తాను. 2017 నుంచి 2019 దాకా అమ్ముడుపోయిన ఈ రకం మెషీన్లు, అంటే ఐ3, 4 జీబీ, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్నవి, మా దగ్గరికి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. వాటిలో చాలావాటి ప్రాసెసర్ శుభ్రంగా ఉంటుంది, స్క్రీన్ బాగుంటుంది. అలాంటి వాటిని తుక్కు కింద అమ్మేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ర్యామ్ తక్కువైతే డిస్క్‌ను ఎందుకు మార్చాలి?

అందరూ అడిగేది ఇదే. ర్యామ్ తక్కువ ఉందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. మరి డిస్క్ మాట ఎందుకంటే, ర్యామ్‌లో పట్టని సరుకంతా పోయేది డిస్క్‌లోకే. కిరాణా కొట్టు ఇరుకుగా ఉంటే సరుకు వెనక గోడౌన్‌లో పెడతారు, ఎవరేం అడిగినా కుర్రాడు గోడౌన్‌కి పరిగెత్తాలి. కొట్టు ఇరుకుతో పాటు ఆ కుర్రాడి నడక కూడా నెమ్మదిగా ఉండటమే మీ లాప్‌టాప్‌లో ఇబ్బంది.

లెక్క చూడండి. మీ హార్డ్ డిస్క్ దాదాపుగా 5400 ఆర్‌పీఎంది (నిమిషానికి 5400 చుట్లు తిరిగేది) అయ్యుంటుంది, ఆ కాలపు లాప్‌టాప్‌లలో ఎక్కువగా అవే. అంటే పళ్లెం ఒక్క చుట్టు తిరగడానికి 11 మిల్లీసెకన్లు. దాని మీద డేటా చదివే ముల్లు కావాల్సిన చోటికి జరగడానికి మరికొంత సమయం. ఒక పెద్ద సినిమా ఫైల్ వరసగా చదవాలంటే ఇబ్బంది లేదు, సెకనుకు 100 ఎంబీ దాకా చదువుతుంది. కానీ ర్యామ్ నిండినప్పుడు విండోస్ అడిగేది వరసగా ఉన్న సరుకు కాదు. ఇక్కడో 4 కేబీ ముక్క, అక్కడో 4 కేబీ ముక్క. అలాంటి ముక్కలు ఈ డిస్క్ సెకనుకు వంద తేవడం కూడా కష్టం. మామూలు సాటా (హార్డ్ డిస్క్ కనెక్టర్‌కే తగిలే రకం) ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, కదిలే ముల్లు లేదు, అది సెకనుకు వేలల్లో తెస్తుంది. వరస చదువులో చూసినా 500 ఎంబీ దాకా వెళ్తుంది.

అందుకే ఎస్‌ఎస్‌డీ వేశాక ర్యామ్ అదే 4 జీబీ ఉన్నా లాప్‌టాప్ ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. ర్యామ్ నిండటం ఆగదు, కానీ నిండినప్పుడు పడే శిక్ష తగ్గుతుంది. అదే డిస్క్ మార్చకుండా ర్యామ్ మాత్రం 8 జీబీ చేస్తే, పని మధ్యలో బిగుసుకుపోవడం తగ్గుతుంది గానీ ఆన్ అవడానికి ఆ ఐదు నిమిషాలు అలాగే ఉంటాయి. వర్డ్ తెరిస్తే అదే ఆలస్యం, అప్‌డేట్ వస్తే అదే నరకం.

డబ్బు పెట్టేముందు మీ కళ్లతో చూసుకోండి

నా మాట మీద కూడా కొనేయకండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్న కిటికీ వస్తే కింద ‘మోర్ డీటెయిల్స్’ నొక్కి, ‘పెర్ఫార్మెన్స్’ ట్యాబ్‌లోకి వెళ్లండి. ఇప్పుడు చెల్లెలు రోజూ చేసే పనే చేయండి. క్రోమ్ తెరిచి నాలుగు ట్యాబ్‌లు, ట్యాలీ, ఒక ఎక్సెల్ ఫైల్. బిగుసుకుపోయే సమయానికి ఎడమ వైపు మెమరీ ఎంత, డిస్క్ ఎంత అన్నది చూడండి.

డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి ఉంటుంది. దాని మీద క్లిక్ చేసి కింద ‘రీడ్ స్పీడ్’ చూడండి, సెకనుకు ఒక ఎంబీనో రెండు ఎంబీలో ఉంటుంది. ఇంత తక్కువ చదువుతూ 100 శాతం బిజీగా ఎలా ఉందని చాలామంది వైరస్ అనుకుంటారు. వైరస్ కాదు, నేను పైన చెప్పిన చిన్న ముక్కల పనే. డిస్క్ సమయమంతా ముల్లు అటూ ఇటూ జరగడానికే పోతోంది.

మెమరీ 90 దాటి, డిస్క్ 100లో ఉంటే మీ కేసు నేను చెప్పినదే. డిస్క్ అప్పటికే ఎస్‌ఎస్‌డీ అయ్యుండి మెమరీ 90 దాటితే మాత్రం ర్యామే కావాలి. మా దగ్గరికి వచ్చే ఒక మీసేవ ఆపరేటర్ లాప్‌టాప్ సరిగ్గా అలాంటిది. ఎస్‌ఎస్‌డీతోనే కొన్నాడు, రోజంతా ఇరవై ట్యాబ్‌లు, పక్కన స్కానర్, వేలిముద్రల డివైస్ సాఫ్ట్‌వేర్. ఆయనకు ఇంకో ర్యామ్ వేయగానే ఇబ్బంది తీరింది. మెమరీ, డిస్క్ రెండూ ఖాళీగా ఉండి సీపీయూ (ప్రాసెసర్) ఒక్కటే నిండుతుంటే అది వేరే సంగతి, దాని గురించి కింద చెప్తాను.

ఒక జాగ్రత్త. మెమరీ 60, 70 శాతం చూపిస్తే భయపడకండి. 4 జీబీలో విండోస్ 10 ఏమీ తెరవకుండానే సగం తినేస్తుంది. మిగిలినదాన్ని కూడా రేపు అవసరమయ్యే ఫైళ్లతో నింపి పెట్టుకుంటుంది, అడిగితే వెంటనే వదిలేస్తుంది. ఖాళీగా ఉన్న ర్యామ్ వల్ల ఎవరికీ లాభం లేదు.

అక్కడే సీపీయూ పేజీలో ‘అప్ టైమ్’ అని ఉంటుంది. రోజూ షట్‌డౌన్ చేస్తున్నా అది పదీ పదిహేను రోజులు చూపించవచ్చు. ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే సదుపాయం వల్ల షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆగదు, లోపలి భాగాన్ని డిస్క్‌లో దాచిపెట్టి మళ్లీ అదే తెస్తుంది. అందుకే వారానికోసారైనా షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ కొట్టండి. పైసా ఖర్చు లేని మందు ఇది.

ఎస్‌ఎస్‌డీ వచ్చేలోపు, ఖర్చు లేకుండా చేయగలిగేవి

అన్నిటికంటే ఎక్కువ ఫలితం బ్రౌజర్‌లో వస్తుంది. క్రోమ్ ప్రతి సైట్‌నూ, ప్రతి ఎక్స్‌టెన్షన్‌నూ విడివిడిగా నడుపుతుంది. భద్రతకు అది మంచిదే, కానీ 4 జీబీకి భారం. క్రోమ్ తెరిచి షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. క్రోమ్‌కి సొంతంగా ఒక టాస్క్ మేనేజర్ ఉంది, ఏ ట్యాబ్ ఎంత మెమరీ తింటోందో వరసగా చూపిస్తుంది. అందులో ఎప్పుడో వేసి మరిచిపోయిన కూపన్ ఎక్స్‌టెన్షన్లు, పీడీఎఫ్ కన్వర్టర్లు కనిపిస్తాయి. తీసేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో ‘పెర్ఫార్మెన్స్’లోకి వెళ్లి ‘మెమరీ సేవర్’ ఆన్ చేయండి, కాసేపు చూడని ట్యాబ్‌లను అదే నిద్రపుచ్చుతుంది. ఎడ్జ్‌లో ఇదే పని ‘స్లీపింగ్ ట్యాబ్స్’ చేస్తుంది. ఇంకా ‘సిస్టమ్’ సెట్టింగ్స్‌లో, క్రోమ్ మూసేసినా వెనకాల యాప్‌లు నడిచే ఆప్షన్ ఒకటి ఉంటుంది, ఆఫ్ చేయండి. క్రోమ్, ఎడ్జ్ రెండూ ఒకేసారి వాడకండి. ఏదో ఒకటి.

టాస్క్ మేనేజర్‌లోనే ‘స్టార్టప్’ ట్యాబ్ ఉంది. టీమ్స్, పాటల యాప్‌లు, రకరకాల అప్‌డేటర్లు, ప్రింటర్ కంపెనీ పెట్టిన సహాయక సాఫ్ట్‌వేర్లు డిజేబుల్ చేయండి. ఆడియో, టచ్‌ప్యాడ్, విండోస్ సెక్యూరిటీకి సంబంధించినవి మాత్రం ముట్టుకోకండి. డిజేబుల్ చేస్తే ఆ యాప్ పోదు, మీరు పిలిచినప్పుడే వస్తుంది.

యాంటీవైరస్ రెండు ఉంటే ఒకటి తీసేయండి. లాప్‌టాప్‌తో పాటు వచ్చి గడువు తీరిపోయిన ట్రయల్ యాంటీవైరస్ చాలా మెషీన్లలో ఏళ్ల తరబడి అలాగే కూర్చుని ఉంటుంది. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే విండోస్‌లో ఉన్న డిఫెండర్ దానంతటదే పని మొదలుపెడుతుంది. విద్యార్థికి అది చాలు.

ఆన్‌లైన్ క్లాస్‌లో జూమ్ వాడేటప్పుడు వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ తీసేయండి, గ్యాలరీ వ్యూ బదులు స్పీకర్ వ్యూ పెట్టండి. ఈ ప్రాసెసర్‌లో ఉన్నవి రెండే కోర్లు, 2 గిగాహెర్ట్జ్ దాటి వెళ్లదు. అందరి ముఖాలూ ఒకేసారి చూపించాలంటే దానికి ఊపిరి ఆడదు.

విజువల్ ఎఫెక్ట్స్ తగ్గించమని యూట్యూబ్‌లో చెప్తుంటారు. చేయొచ్చు, లాభం కొద్దిగా ఉంటుంది. అయితే ‘అడ్జస్ట్ ఫర్ బెస్ట్ పెర్ఫార్మెన్స్’ కొట్టగానే అన్ని టిక్కులూ పోతాయి. అందులో ‘స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్’ టిక్కు మళ్లీ పెట్టుకోండి. అది లేకపోతే తెలుగు అక్షరాలు గరుకుగా తయారవుతాయి, వత్తులు, గుడులు కలిసిపోయి ‘క్ష్మి’, ‘ద్ధ’ లాంటివి చదవడానికి కళ్లు పీక్కోవాలి. ఇంగ్లిష్‌లో మాత్రమే చూసేవాళ్లకు ఈ తేడా అంతగా తెలియదు, తెలుగు పీడీఎఫ్‌లు చదివే పిల్లలకు బాగా తెలుస్తుంది.

సీ డ్రైవ్‌లో ఐదో వంతైనా ఖాళీ ఉంచండి. ర్యామ్ పొంగిపొర్లినప్పుడు పేజ్‌ఫైల్ (ర్యామ్‌లో పట్టనిదాన్ని విండోస్ డిస్క్‌లో దాచుకునే ఫైల్) పెరగడానికి అక్కడ చోటు కావాలి.

చేయకూడనివి

ర్యామ్ క్లీనర్, ర్యామ్ బూస్టర్ పేర్లతో ఉన్నవి దయచేసి వేయకండి. ఆ బటన్ నొక్కగానే మెమరీ 85 నుంచి 50కి పడినట్టు కనిపిస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. అది చేసింది ఏమిటంటే, నడుస్తున్న ప్రోగ్రామ్‌ల దగ్గరున్న సరుకును బలవంతంగా బయటికి నెట్టడం. మీరు మళ్లీ ఆ ప్రోగ్రామ్‌లోకి వెళ్లగానే నెట్టిందంతా తిరిగి రావాలి, అందులో కొంత ఆ నెమ్మది డిస్క్ నుంచే. అంటే ఇంకా స్లో అవుతుంది. రిజిస్ట్రీ క్లీనర్లదీ అంతే, లాభం లేదు, ఒక్కోసారి నష్టం ఉంది.

వర్చువల్ మెమరీ పెంచితే ర్యామ్ పెరిగినట్టే అని చెప్పే వీడియోలు నమ్మకండి. అది డిస్క్‌లో ఉండే చోటే. దాన్ని విండోస్‌కే వదిలేయడం మంచిది. పూర్తిగా ఆపేయడం ఇంకా ప్రమాదం, మెమరీ నిండగానే ట్యాలీయో ఎక్సెలో ఉన్నట్టుండి మూసుకుపోతుంది, సేవ్ చేయని పని గల్లంతు. పెన్‌డ్రైవ్ పెట్టి రెడీబూస్ట్ చేయమనే, అంటే దాన్ని ర్యామ్‌కి తోడుగా వాడమనే సలహా కూడా 2007లో విండోస్ విస్టా కాలం నాటిది. అప్పట్లో 1 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లకు కాస్త పనికొచ్చింది. ఎస్‌ఎస్‌డీ వేశాక అయితే అవసరం లేదని విండోసే చెప్పేస్తుంది.

ఎస్‌ఎస్‌డీ కొనేటప్పుడు, వేయించేటప్పుడు

మీ హార్డ్ డిస్క్ స్థానంలో 2.5 అంగుళాల, 7 మిల్లీమీటర్ల మందం ఉన్న సాటా ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. 240 లేదా 256 జీబీ చాలు. కొన్ని మోడళ్లలో సన్నటి పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డుకు తగిలించే ఎం.2 స్లాట్ కూడా ఉంటుంది, కానీ ఆ కాలపు మెషీన్లలో అది సాటా రకాన్ని మాత్రమే తీసుకోవచ్చు, ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకాన్ని తీసుకోకపోవచ్చు. మోడల్ నంబర్‌తో సరిచూసుకోకుండా ఎం.2 కొనకండి. సందేహం ఉంటే 2.5 అంగుళాలదే తీసుకోండి, ఈ ప్రాసెసర్‌తో మీకు రోజువారీ పనిలో తేడా తెలియదు.

బిల్లు, మూడేళ్ల వారంటీ ఉన్న పేరున్న కంపెనీది కొనండి. మేం సామాన్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే సీటీసీ నుంచి తెచ్చుకుంటాం. మీరు అటు వెళ్లే పని ఉంటే రెండు మూడు షాపుల్లో ధర అడిగి తీసుకోండి. ఆన్‌లైన్‌లో నమ్మలేనంత చవకగా 2 టీబీ అని కనిపించేవి నకిలీలు. అవి 2 టీబీ అని చూపిస్తాయి, కొంత నిండగానే పాత ఫైళ్లను పాడుచేస్తాయి.

పాత డిస్క్ ఆరోగ్యం ముందే చూడండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది నీలం రంగులో ‘గుడ్’ చూపిస్తే సరే, పసుపు రంగులో ‘కాషన్’ చూపిస్తే డిస్క్‌లో చెడిపోయిన సెక్టార్లు మొదలయ్యాయని అర్థం. అప్పుడు స్పీడ్ సంగతి పక్కన పెట్టి, ఆ రోజే ఫొటోలు, మార్కుల మెమోలు, ప్రాజెక్ట్ ఫైళ్లు ఇంకోచోట కాపీ చేసుకోండి. ట్యాలీ డేటా ఫోల్డర్ మరిచిపోకండి, అది డెస్క్‌టాప్ మీద కనిపించదు కాబట్టి చాలామంది వదిలేస్తారు.

పాత విండోస్‌ను అలాగే ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) చేయొచ్చు, కొత్తగా ఇన్‌స్టాల్ చేయొచ్చు. ఇన్నేళ్ల మెషీన్‌కి నేను కొత్తగా చేయమనే చెప్తాను. లాప్‌టాప్‌తో పాటే విండోస్ వచ్చి ఉంటే దాని కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది, ఇన్‌స్టాల్ చేసి నెట్ కనెక్ట్ చేయగానే యాక్టివేట్ అవుతుంది. అందుకే షాపులో ‘ప్రో వెర్షన్ వేసి యాక్టివేట్ చేసిస్తాం’ అంటే వద్దనండి. ఆ క్రాక్ ఫైళ్ల కోసం డిఫెండర్‌ను ఆపేస్తారు, వాటితో పాటు ఏమొచ్చి కూర్చుంటుందో తెలియదు. మీ దగ్గర అసలు విండోస్ ఉండగా నకిలీది వేయించుకోవడం ఎందుకు?

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉండాలి. పాత డిస్క్ కూడా తగిలించి ఉంటే విండోస్ తన బూట్ ఫైళ్లను పాత డిస్క్‌లోనే పెట్టుకునే అవకాశం ఉంది. కొన్నాళ్లకు ఆ పాత డిస్క్ పోతే కొత్త ఎస్‌ఎస్‌డీ ఉన్నా లాప్‌టాప్ ఆన్ కాదు. పాత డిస్క్‌ను తర్వాత సీడీ డ్రైవ్ స్థానంలో క్యాడీ (డిస్క్‌ను పట్టి ఉంచే చట్రం) పెట్టి తగిలించుకోవచ్చు. క్యాడీ 9.5 మిల్లీమీటర్లు, 12.7 మిల్లీమీటర్లు అని రెండు సైజుల్లో వస్తుంది, మీ సీడీ డ్రైవ్ మందం కొలిచి తీసుకోండి. లేదంటే యూఎస్‌బీ కేసులో వేసుకుని బ్యాకప్‌కి వాడుకోండి. ఏం చేసినా పాత డిస్క్ షాపులో వదిలేయకండి, మీ ఇంటి ఫొటోలు, ఆధార్ కాపీలు అన్నీ అందులోనే ఉన్నాయి.

ఇంకో చిన్న విషయం. పాత డిస్క్‌కి రెండు పక్కలా సన్నటి రేకు బ్రాకెట్ గానీ రబ్బరు పట్టీ గానీ ఉంటుంది, నాలుగు చిన్న స్క్రూలతో. దాన్ని విప్పి ఎస్‌ఎస్‌డీకి బిగించాలి. తొందరలో అది వేయకుండా మూసేస్తే, లాప్‌టాప్ సంచిలో కదిలినప్పుడల్లా ఎస్‌ఎస్‌డీ కనెక్టర్ దగ్గర ఊగుతుంది. కొన్నాళ్లకు ఉన్నట్టుండి బూట్ అవడం మానేస్తుంది. మీ ఎదురుగా బిగించమనండి.

ర్యామ్ సంగతి

టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే కింద ‘స్లాట్స్ యూజ్డ్’ అని ఉంటుంది. 1 ఆఫ్ 2 అని ఉంటే అదృష్టం, పాతది ఉంచి పక్కన ఇంకో 4 జీబీ వేయొచ్చు. 1 ఆఫ్ 1 అయితే ఉన్నది తీసి 8 జీబీ వేయాలి. ర్యామ్ బోర్డుకే అతికించి వచ్చి, ఖాళీ స్లాట్ లేకపోతే పెంచే దారి లేదు.

మీ ప్రాసెసర్ విషయంలో ఒక చిక్కు ఉంది. 6006యూ డీడీఆర్4, డీడీఆర్3ఎల్ అనే రెండు రకాల ర్యామ్‌కీ పనిచేస్తుంది, ఏది పెట్టాలన్నది లాప్‌టాప్ కంపెనీ ఇష్టం. అందుకే ప్రాసెసర్ పేరు చూసి ర్యామ్ కొంటే తప్పిపోవచ్చు. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మెమరీ ట్యాబ్ చూస్తే ఏ రకమో తెలుస్తుంది. డీడీఆర్4 అయితే 1.2 వోల్టులు, 260 పిన్నులు. డీడీఆర్3ఎల్ అయితే 1.35 వోల్టులు, 204 పిన్నులు. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. డీడీఆర్3 లోనూ 1.5 వోల్టులది వేరేగా ఉంది, చూడ్డానికి ఒకేలా ఉంటుంది, అది వద్దు, ‘ఎల్’ ఉన్నదే కావాలి. డీడీఆర్4 అయితే 2133 వేగంది దొరక్కపోయినా బాధలేదు, 2666 వేసినా ఇది 2133 వేగంతో నడుపుకుంటుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, అందుకే ఈ ఖర్చును రెండో విడతలో పెట్టమన్నాను. పని చేసే సెకండ్ హ్యాండ్ ర్యామ్ స్టిక్ తీసుకున్నా పర్వాలేదు, షాపులోనే వేసి విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడిపించి చూసుకోండి.

మీరే వేసుకుంటానంటే ఛార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ విప్పి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. స్టిక్‌ను అంచుల దగ్గరే పట్టుకోవాలి, బంగారు రంగు పళ్లను ముట్టుకోకూడదు. స్లాట్‌లో ఉన్న గాటుకు స్టిక్ గాటు కలిపి, ఏటవాలుగా లోపలికి నెట్టండి. ఆ పళ్లు దాదాపు కనిపించకుండా పోవాలి. అప్పుడు కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమని పడతాయి. ఒకవైపే పడితే సరిగ్గా కూర్చోలేదని అర్థం. మొదటిసారి ఆన్ చేసినప్పుడు అర నిమిషం దాకా స్క్రీన్ నల్లగా ఉండొచ్చు, టెన్షన్ పడి వెంటనే ఆపేయకండి, కొత్త ర్యామ్‌ను అది సరిచూసుకుంటోంది.

సీపీయూ ఒక్కటే నిండుతుంటే

టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వేగం చూడండి. పనిలో ఉన్నప్పుడు మీ ప్రాసెసర్ 2 గిగాహెర్ట్జ్ దగ్గర ఉండాలి. అది 0.8 దగ్గరో ఇంకా కిందో అతుక్కుపోయి ఉంటే రెండు కారణాలు వెతకాలి. ఒకటి వేడి, ఫ్యాన్ జాలీలో దుమ్ము గడ్డకట్టి ఉంటుంది, ప్రాసెసర్ మీద పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. రెండోది ఛార్జర్. ఒక ఇంజనీరింగ్ విద్యార్థి లాప్‌టాప్ అన్నీ మార్చినా స్లోగానే ఉందని తెచ్చాడు. ఛార్జర్ పీకి చూస్తే వేగం మామూలైపోయింది. పాతది పోతే బయట ఏదో డూప్లికేట్ ఛార్జర్ కొన్నాడు, లాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టక జాగ్రత్త కోసం ప్రాసెసర్‌ను అణిచి పెడుతోంది. సరైన ఛార్జర్ పెట్టగానే సరిపోయింది.

విండోస్ 11, లినక్స్

మీ ప్రాసెసర్ ఆరో తరానిది. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అనుమతి ఉంది. అడ్డదారిలో వేసే పద్ధతులున్నా 4 జీబీ మీద వద్దు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌కి నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే దానికి డబ్బు కట్టక్కర్లేదు. తప్పకుండా చేయండి, చెల్లెలు ఇదే మెషీన్‌లో ఫీజులు కూడా కడుతుంది కదా.

విండోస్ బదులు వాడుకునే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన రకం 4 జీబీ మీద చక్కగా నడుస్తుంది. నెట్ చూడటం, వీడియో పాఠాలు, లిబ్రె ఆఫీస్‌లో ఉత్తరాలు వరకే అయితే నేను అదే వేస్తాను. తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ రెండూ ఉన్నాయి. కానీ ట్యాలీ విండోస్ కోసం తయారైంది, బీకాం అమ్మాయికి అది తప్పనిసరి. కాబట్టి ఇప్పటికి మీరు విండోస్ 10లోనే ఉండండి. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద బతికే డీటీపీ వాళ్లకూ ఇదే చెప్తాను. అలాంటి ఒకాయనకు 4 జీబీ అలాగే ఉంచి ఎస్‌ఎస్‌డీ మాత్రమే వేశాం, శుభలేఖల పని ఇబ్బంది లేకుండా సాగింది. ఫొటోషాప్ కూడా పక్కన తెరవడం మొదలుపెట్టాకే ర్యామ్ అవసరం పడింది.

ఎప్పుడు డబ్బు పెట్టొద్దంటానో కూడా చెప్పాలి. 32 జీబీ ఈఎంఎంసీ (బోర్డు మీదే ఉండే చిప్) స్టోరేజీ, బోర్డుకే అతికించిన ర్యామ్ ఉన్న చిన్న లాప్‌టాప్‌లలో చాలావాటికి పెంచే మార్గమే ఉండదు. హింజ్ విరిగి, బ్యాటరీ ఉబ్బి, కీబోర్డు సగం పోయిన మెషీన్‌కి కూడా వద్దు. ముఖ్యంగా బ్యాటరీ ఉబ్బితే, అంటే టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపిస్తే, స్పీడ్ గురించి ఆలోచించకుండా ముందు దాన్ని తీయించండి, అది నిప్పుతో చెలగాటం. మీరు రాసిన దాంట్లో ఇలాంటివేవీ లేవు కాబట్టి ఖర్చు దండగ కాదు.

ఇప్పుడు రెండు ఫొటోలు పెట్టండి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీది ఒకటి, లాప్‌టాప్ వెనక మోడల్ నంబర్ ఉన్న స్టిక్కర్‌ది ఒకటి. స్టిక్కర్ మీద సీరియల్ నంబర్‌ను మాత్రం వేలితో మూసి ఫొటో తీయండి. అవి చూసి ఎం.2 స్లాట్ ఉందో లేదో, ఏ ర్యామ్ కొనాలో చెప్తాను, దాని తర్వాతే షాపుకి వెళ్లండి.